ఆట, కూలి, వెలి
(వెలి చరిత్రలు – 9వ భాగం)

డిగ్రీలో నా దగ్గర సెకండ్ లాంగ్వేజ్ తెలుగు చదివిన ఒక కుర్రాడు ఇప్పుడు కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. పగలు క్లాసులు, రాత్రిళ్ళు గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దే పని. మొన్న ఒక ఆదివారం సముద్రం వైపు తిరగడానికి వెళ్ళి ఒక ఫోటో పంపాడు. ముగ్గురు ఆటగాళ్ళ కంచు విగ్రహం. కింద మెసేజ్: "మేడమ్, ఈ ముగ్గురూ ఇక్కడి వాళ్ళేనంట. కానీ పేరొచ్చింది వేరే ఊరిలోనంట. ఎందుకో మీరు రాస్తే చదవాలని ఉంది."

బిల్లీ బోస్టన్, గస్ రిస్మన్, క్లైవ్ సల్లివాన్. 2023లో కార్డిఫ్ బేలో పెట్టిన విగ్రహం అది. రగ్బీ గురించి నాకు తెలిసింది అప్పటికి సున్నా. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారని తప్ప ఇంకేమీ తెలీదు. కానీ "ఇక్కడి వాళ్ళే, వేరే ఊరిలో పేరొచ్చింది" అన్న మాట నన్ను పట్టుకుంది. ఈ సీరియల్ చదువుతున్నవాళ్ళకి నేను ఏ మాట వెంట పడతానో తెలుసు కదా. వారం రోజులు అదే చదివాను. అలా చదువుతూ ఆ విగ్రహంలో లేని నాలుగో మనిషి దగ్గర ఆగిపోయాను. అతని పేరు జిమ్ సల్లివాన్. విగ్రహంలోని క్లైవ్ సల్లివాన్‌కి చుట్టం కాదు, ఇంటిపేరు ఒకటే. అతనిదీ కార్డిఫే. అతని కథ చెబితే మిగతా ముగ్గురి కథా సగం చెప్పినట్టే.

ముందు రెండు రగ్బీల సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే ఏదీ అర్థం కాదు.

ఇంగ్లండ్‌లో 1871లో రగ్బీ యూనియన్ పెట్టారు. పెట్టినవాళ్ళు పెద్ద పెద్ద ప్రైవేటు బళ్ళలో చదివిన దొరబిడ్డలు. తర్వాత పదిహేను ఇరవై ఏళ్ళలో ఆ ఆట ఉత్తర ఇంగ్లండ్‌లోని మిల్లు ఊళ్ళకీ, గని ఊళ్ళకీ, సముద్రం వార వేల్స్‌కీ పాకింది. గనిలో దిగేవాడూ, మగ్గం నడిపేవాడూ, రేవులో మూటలు మోసేవాడూ ఆట నేర్చుకున్నారు. నేర్చుకోవడమే కాదు, దొరబిడ్డల్ని ఓడించడం మొదలుపెట్టారు. 1886లో యూనియన్ ఒక రూలు తెచ్చింది. ఆటకి డబ్బు తీసుకోకూడదు. తీసుకున్నవాడు మనవాడు కాదు.

అప్పట్లో శనివారం కూడా పనిదినమే. దూరపు ఊరిలో మ్యాచ్ ఉంటే పని మానుకుని వెళ్ళాలి. పని మానితే కూలి పోతుంది. ఉత్తరాది క్లబ్బులు అడిగింది జీతం కాదు. ఆట కోసం పోగొట్టుకున్న కూలి, రోజుకి ఆరు షిల్లింగులు, తిరిగి ఇమ్మని మాత్రమే. 1893 సెప్టెంబర్‌లో లండన్‌లో మీటింగు పెట్టారు. యార్క్‌షైర్ తరపున జేమ్స్ మిల్లర్ అనే ఆయన తీర్మానం పెట్టాడు. పడ్డ ఓట్లు: కూలి ఇవ్వాలని 136, వద్దని 282. వద్దన్నవాళ్ళ వాదన సారాంశం ఒక్కటే. ఆడుకునే స్తోమత లేనివాడు ఆడక్కర్లేదు.

రెండేళ్ళు చూశారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊరిలో జార్జ్ హోటల్లో ఇరవైకి పైగా ఉత్తరాది క్లబ్బులు కూర్చుని, మా ఆట మేం ఆడుకుంటాం అని బయటికొచ్చేశాయి. నార్తర్న్ యూనియన్ అన్నారు. 1906లో జట్టుకి పదిహేను మందిని పదమూడు చేశారు. 1922లో రగ్బీ లీగ్ అని పేరు మార్చుకున్నారు. అలా ఒక ఆట రెండు ఆటలైంది. ఒకటి యూనియన్, ఇంకోటి లీగ్. విడిపోవడానికి కారణం బంతి కాదు, గోల్‌పోస్టు కాదు. ఆరు షిల్లింగుల కూలి.

తెలుగు మాస్టారిని కాబట్టి ఒక మాట దగ్గర ఆగుతాను. యూనియన్ దొరలు వాడిన మాట 'అమెచ్యూర్'. ఫ్రెంచి మాట, మూలంలో 'ప్రేమించేవాడు' అని అర్థం. ఆటని ప్రేమించేవాడు డబ్బడగడు అని దాని వెనకున్న భావం. మన భాషలో ఇలాంటిదే ఇంకో మాట ఉంది. 'ఉచితం'. సంస్కృతంలో ఆ మాటకి అర్థం 'తగినది, న్యాయమైనది'. ఔచిత్యం, సముచితం అన్నప్పుడు ఇప్పటికీ అదే అర్థం. కానీ ఒక్క 'ఉచితం' అంటే మాత్రం మనకి 'డబ్బివ్వక్కర్లేనిది'. తగినది ఎప్పుడు, ఎవరి నోట్లో పైసా ఇవ్వక్కర్లేనిదిగా మారిందో నేను నిఘంటువులో చూపించలేను. కానీ వెట్టి చేసిన వాడల్లో పుట్టినవాళ్ళకి ఆ మార్పు కొత్తగా అనిపించదు. మా తాతలు చేసిన పనంతా ఉచితమే. రెండర్థాల్లోనూ.

ఇప్పుడు యూనియన్ పెట్టిన వెలి ఎట్లా ఉండేదో చూడండి.

లీగ్ జట్టుకి ఒక్కసారి ఆడినా యూనియన్‌లో జీవితకాల నిషేధం. డబ్బు ముట్టకుండా ఆడినా నిషేధమే. లీగ్‌లోనూ పైసా తీసుకోని ఊరి క్లబ్బులు ఉండేవి. అక్కడ ఆడినవాడికీ ఇదే శిక్ష. అంటే తప్పు డబ్బుది కూడా కాదు. తాకిడిది. లీగ్ క్లబ్బుల తరపున కుర్రాళ్ళని వెతుక్కుంటూ వేల్స్‌కి వచ్చే ఏజెంట్లు దొంగచాటుగా తిరిగేవాళ్ళు. ట్రయల్ మ్యాచ్ ఆడాలంటే కుర్రాళ్ళు మారుపేరుతో ఆడేవాళ్ళు. ఎందుకంటే ఎంపిక కాకపోయినా, ఆడాడని తెలిస్తే ఇంటికొచ్చాక ఆట ఉండదు. మైల అనే మాట వాళ్ళ భాషలో లేదు. ఆ పద్ధతి మాత్రం ఉంది.

మరి యూనియన్‌లో ఎవరూ డబ్బు ముట్టలేదా అంటే, వేల్స్ సంగతే చెబుతాను. వేల్స్ క్లబ్బులు 1895లో బయటికి రాలేదు, యూనియన్‌లోనే ఉన్నాయి. అక్కడ ఆట కూలిజనానిది. బూట్లలో చిల్లర పెట్టి ఇవ్వడం అందరికీ తెలిసిన రహస్యం. 1896లో న్యూపోర్ట్ క్లబ్ కెప్టెన్, అప్పటి వేల్స్ హీరో ఆర్థర్ గూల్డ్ కోసం జనం చందాలు పోగుచేశారు. ఆ డబ్బుతో ఇల్లు కొని ఇచ్చారు. ఇది డబ్బు తీసుకోవడమే అని మిగతా దేశాల యూనియన్లు గోల చేశాయి. వేల్స్ ఇంటర్నేషనల్ బోర్డు నుంచే బయటికి వచ్చేసింది. ఏడాది తిరిగేసరికి రాజీ కుదిరింది. వేల్స్ మళ్ళీ లోపలికి వెళ్ళింది. గూల్డ్ ఇల్లు గూల్డ్‌కే ఉంది. ఇల్లు తీసుకున్నవాడు లోపలే ఉన్నాడు. ఆరు షిల్లింగులు అడిగినవాళ్ళు బయట ఉన్నారు. నియమం రాసినవాళ్ళ చేతిలోనే మినహాయింపు కూడా ఉంటుందని మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక జిమ్ సల్లివాన్.

1903 డిసెంబర్ 2న కార్డిఫ్‌లో ఎల్మ్ స్ట్రీట్‌లో పుట్టాడు. పదహారేళ్ళు నిండేసరికి కార్డిఫ్ క్లబ్ మొదటి జట్టులో ఫుల్‌బ్యాక్. అంటే అందరికంటే వెనక నిలబడి, ముందు పద్నాలుగు మందినీ దాటి వచ్చినవాడిని ఒంటరిగా ఆపాల్సినవాడు. పదిహేడేళ్ళకి బార్బేరియన్స్ జట్టుకి ఆడాడు. బార్బేరియన్స్ అంటే పిలిస్తేనే వెళ్ళే జట్టు. యూనియన్ ఆటలో అదొక గౌరవం. అంత చిన్న వయసులో ఆ జట్టుకి అప్పటిదాకా ఎవరూ ఆడలేదు. వేల్స్ జట్టులోకి ఇవాళో రేపో అనుకుంటున్నారు.

మిగతా వారమంతా ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడు? బాయిలర్లు తయారుచేసే పనిలో అప్రెంటిస్.

1921 జూన్‌లో లాంకషైర్‌లోని విగన్ అనే ఊరి లీగ్ క్లబ్ అతనికి 750 పౌండ్లు ఇస్తానంది. కుర్రాడు సంతకం పెట్టాడు.

ఆ జూన్ ఎలాంటి జూనో చెప్పాలి. 1921 ఏప్రిల్ మొదట్నుంచీ బ్రిటన్‌లో గనుల యజమానులు గేట్లు మూసేశారు. కూలి తగ్గిస్తాం, ఒప్పుకుంటేనే లోపలికి రండి అన్నారు. పది లక్షల మంది గని కార్మికులు మూడు నెలలు పస్తులున్నారు. చివరికి జులైలో తగ్గించిన కూలికే దిగారు. బొగ్గు మీద బతికే సౌత్ వేల్స్ రేవు కార్డిఫ్. బొగ్గు రాకపోతే రేవు లేదు, రేవు లేకపోతే బాయిలర్ పనీ లేదు. ఆ మూడు నెలల మధ్యలో పదిహేడేళ్ళ పిల్లవాడి ముందు 750 పౌండ్లు పెట్టారు. ఆటని ప్రేమించేవాడు డబ్బు ముట్టడని చెప్పిన పెద్దమనుషులు ఆ పిల్లవాడి ఇంటి పొయ్యి వైపు ఒక్కసారి చూసుంటే బాగుండేది.

ఇంకో మాట. అదే 1921 జూన్‌లో లండన్‌లో ముప్పై ఏళ్ళ మన బాబాసాహెబ్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎమ్మెస్సీ పట్టా పొందాడు. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు. ఒకే దేశంలో, ఒకే నెలలో, వెలి గురించి జీవితాంతం రాయబోయే మనిషి ఒకరు, తనకి తెలియకుండానే వెలిలోకి అడుగు పెడుతున్న కుర్రాడొకరు ఉన్నారని నా పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నాను. అంతే.

సంతకం పెట్టిన రోజుతో యూనియన్ తలుపు మూసుకుంది. వేల్స్ యూనియన్ జట్టు ఎర్రచొక్కా అతను ఎప్పుడూ వేసుకోలేదు. అతని తర్వాత ఏడాది అబెరావన్ నుంచి విగన్‌కే వెళ్ళిన జానీ రింగ్ కనీసం ఒక్క మ్యాచ్ వేసుకున్నాడు. 1921లో ఇంగ్లండ్ మీద. సల్లివాన్‌కి అదీ లేదు.

ఆ తర్వాత పాతికేళ్ళు అతను ఆడిన ఆట చూడండి.

1921 ఆగస్టు 27న విడ్నెస్ మీద మొదటి మ్యాచ్. ఐదు గోల్స్. ఆ సీజన్ నుంచి 1938-39 దాకా వరసగా పద్దెనిమిది సీజన్లు, ప్రతి సీజన్లోనూ వందకి పైగా గోల్స్ కొట్టాడు. ఇక్కడ గోల్ అంటే నేల మీద నిలబెట్టిన బంతిని రెండు పొడవాటి కర్రల మధ్య నుంచి, అడ్డకర్ర పైనుంచి పోయేలా తన్నడం. వానకి తడిసి బరువెక్కిన తోలు బంతి, బురద నేల, ఉత్తర ఇంగ్లండ్ చలిగాలి. 1925 ఫిబ్రవరి 14న ఫ్లింబీ అండ్ ఫాదర్‌గిల్ అనే చిన్న ఊరి అమెచ్యూర్ జట్టు మీద విగన్ 116-0తో గెలిచింది. అందులో సల్లివాన్ ఒక్కడివే 22 గోల్స్. 1929లో లీగ్ వాళ్ళ ఛాలెంజ్ కప్ ఫైనల్ మొదటిసారి లండన్ వెంబ్లీ స్టేడియంలో పెట్టారు. కెప్టెన్ సల్లివాన్. విగన్ 13-2తో డ్యూస్‌బరీని ఓడించింది. వెంబ్లీలో లీగ్ ఆటకి మొదటి పాయింట్లు వచ్చింది కూడా అతని కాలి నుంచే. ఆరు షిల్లింగులు ఇవ్వం పొమ్మన్న లండన్‌కి ముప్పై ఆరేళ్ళ తర్వాత ఆ ఆట అలా వచ్చింది.

1924, 1928, 1932లో బ్రిటన్ లీగ్ జట్టుతో ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1932లో అతనే కెప్టెన్. సిడ్నీలో మొదటి టెస్టు చూడటానికి 70,204 మంది వచ్చారు. బ్రిటన్ 8-6తో గెలిచింది. బ్రిస్బేన్‌లో రెండోది ఎంత మొరటుగా జరిగిందంటే దాన్ని ఇప్పటికీ 'బ్రిస్బేన్ యుద్ధం' అంటారు. అందులో ఓడినా, మూడోది 18-13తో గెలిచి సిరీస్ పట్టుకొచ్చారు. 1936లో మళ్ళీ కెప్టెన్‌గా రమ్మన్నారు. భార్యకి ఒంట్లో బాగోలేదని వెళ్ళలేదు.

1946 దాకా, నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఆడాడు. మొత్తం 928 మ్యాచ్‌లు, 2,867 గోల్స్, 6,022 పాయింట్లు. ఆట ఆపాక కోచ్‌గా సెయింట్ హెలెన్స్ క్లబ్బుకి 1956లో వాళ్ళ చరిత్రలోనే మొదటి ఛాలెంజ్ కప్ తెచ్చిపెట్టాడు. 1977లో పోయాడు.

ఇంత ఆట కార్డిఫ్‌కి ఐదారు గంటల దూరంలో జరిగింది. కార్డిఫ్‌కి దక్కలేదు.

అతను ఒక్కడే వెళ్ళి ఉంటే ఇది ఒక మనిషి కథ. కానీ 1920లు, 30లు వేల్స్‌కి ఖాళీ అయిన దశాబ్దాలు. 1926లో మళ్ళీ గనుల లాకౌట్, ఈసారి ఏడు నెలలు. 1930లో డౌలైస్ ఉక్కు కర్మాగారం మూతపడింది. మెర్థర్ ఊరిలో పనిచేసే వయసు మగవాళ్ళలో సగం మందికి పైగా పని లేదు. రెండు యుద్ధాల మధ్య నాలుగు లక్షలకు పైగా జనం వేల్స్ వదిలి వలసపోయారు. పాలమూరు నుంచి, పలాస నుంచి, కంభం నుంచి బస్సులెక్కే జనాన్ని చూసినవాళ్ళకి ఆ రైల్వే స్టేషన్లు ఎలా ఉండి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ జనంలో ఆటగాళ్ళూ ఉన్నారు. తట్టాబుట్టా సర్దుకుని పని కోసం ఉత్తరం వెళ్ళినవాడిని ఊరు జాలిగా చూసింది. ఆట కోసం వెళ్ళినవాడిని మాత్రం ద్రోహి అంది. ఇద్దరూ ఎక్కింది ఒకే రైలు. వెళ్ళింది ఒకే కూలి కోసం.

అక్కడికి వెళ్ళినవాళ్ళు మేడలు కట్టారనుకోకండి. లీగ్ ఆటగాళ్ళలో ఎక్కువమంది వారమంతా వేరే పని చేసుకునేవాళ్ళు. శనివారం ఆడేవాళ్ళు. గెలిస్తే కొంచెం ఎక్కువ, ఓడితే కొంచెం తక్కువ. ఆ కొంచెం కోసమే పుట్టిన ఊరిలో ఆట పోగొట్టుకున్నారు.

వెలి నిజంగా నీతి కోసమే అయితే అవసరం వచ్చినప్పుడు కూడా నిలబడాలి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యానికి ఆటలు కావాలి. లీగ్ ఆటగాళ్ళు యూనిఫాం వేసుకుంటే యూనియన్‌లో ఆడొచ్చని నిషేధం సడలించారు. లీగ్‌కి చెందిన గస్ రిస్మన్, ఆ విగ్రహంలో మధ్యవయసు లేని కుర్రాడిలా నవ్వుతున్నాయన, వేల్స్ సైనిక యూనియన్ జట్టుకి ఆడాడు. 1943 జనవరిలో లీడ్స్‌లో, 1944 ఏప్రిల్‌లో బ్రాడ్‌ఫర్డ్‌లో లీగ్ సైనికులకీ, యూనియన్ సైనికులకీ మధ్య రెండు మ్యాచ్‌లు పెట్టారు. రెండూ యూనియన్ రూల్స్‌తోనే. 18-11, 15-10. రెండూ లీగ్ వాళ్ళే గెలిచారు. ఆకాశం ఊడి పడలేదు. ఎవరూ మైలపడలేదు. యుద్ధం అయిపోయింది, సైనికులు ఇళ్ళకెళ్ళారు, నిషేధం మళ్ళీ పెట్టారు.

మా ఊరిలో తుఫాను వచ్చిన రాత్రి ఊరి పెద్దలు మా పేటలోని చర్చిలో తలదాచుకున్నారని, తెల్లారి ఎండొచ్చాక గడప దాటి వెళ్ళిపోయారని మా నాయనమ్మ చెప్పేది. నిషేధం మళ్ళీ పెట్టారని చదివినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. పోలిక చెప్పడం సులువు, పోలికలో మనల్ని మనం పోగొట్టుకోవడం ఇంకా సులువు. సల్లివాన్ దళితుడు కాదు. అతని వెలి ఒక సంతకంతో మొదలైంది. మనది పుట్టుకతో వచ్చింది. అతని పిల్లలకి ఆ వెలి వారసత్వంగా రాలేదు. అతనికి నీళ్ళు విడిగా పోయలేదు.

విడిగా పోయడం అంటే ఏమిటో అదే కాలంలో మన దేశంలో చూడొచ్చు. పల్వంకర్ బాలూ, చమార్ కులంలో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్. పూనాలో హిందూ జట్టుకి వికెట్లు తీసిపెట్టాడు. టీ మాత్రం బయట, మట్టి కప్పులో. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి వందకి పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఎన్నో ఏళ్ళు అడగ్గా అడగ్గా 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కి ఇచ్చారు. బాలూ డబ్బడిగి ఏ రూలూ తప్పలేదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఈ తేడా మర్చిపోతే మన చరిత్రకి మనమే అన్యాయం చేసినట్టు. తేడా గుర్తుంచుకుంటూనే ఒక్క విషయం మాత్రం అడగొచ్చు. నువ్వు శుద్ధంగా లేవు అని చెప్పి పనివాడిని బయటపెట్టడం అనే పనిముట్టు అక్కడా ఇక్కడా ఎవరి చేతిలో ఉంది?

వెలిపడ్డవాళ్ళ లోపల ఏముంది అన్నది కూడా చూడాలి. లేకపోతే కథ సగమే.

కార్డిఫ్ రేవు పక్కనే టైగర్ బే అనే పేట. ప్రపంచంలోని ఓడలన్నీ దింపిన మనుషులు అక్కడ ఉండేవాళ్ళు. ఆఫ్రికా, కరీబియన్, అరబ్, సోమాలీ, మన దేశపు లస్కర్లు కూడా. 1919 జూన్‌లో కార్డిఫ్‌లో తెల్లమూకలు నల్లవాళ్ళ ఇళ్ళ మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. అలాంటి సౌత్ వేల్స్‌లో, న్యూపోర్ట్‌లో పుట్టిన జార్జ్ బెన్నెట్ అనే నల్లజాతి కుర్రాడిని 1930లో విగన్ తీసుకుంది. సల్లివాన్‌తో కలిసి 1934 ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1935లో వేల్స్ లీగ్ జట్టుకి ఆడాడు. ఏ ఆటలోనైనా... కాదు, నాకు తెలిసిన మేరకే చెబుతాను, రగ్బీలో వేల్స్‌కి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. శుద్ధమైన యూనియన్ ఆటలో వేల్స్‌కి ఒక నల్లజాతి ఆటగాడు ఆడటానికి 1980లు రావాల్సి వచ్చింది. దాదాపు యాభై ఏళ్ళు. వెలివాడలో చోటు దొరికినవాడికి ఊళ్ళో దొరకలేదు.

అయితే వెలివాడ స్వర్గం కాదు. 1936లో బ్రిన్‌మార్ నుంచి పదిహేడేళ్ళ రాయ్ ఫ్రాన్సిస్ విగన్‌కి వచ్చాడు. మూడేళ్ళు తిరక్కుండానే క్లబ్ అతన్ని అమ్మేసింది. 1946లో బ్రిటన్ లీగ్ జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు, ఫామ్‌లో ఉన్నా అతన్ని తీసుకోలేదు. ఆస్ట్రేలియాలో రంగు పట్టింపు ఉంది, ఇబ్బంది అవుతుందని. కూలి హక్కు కోసం దొరల్ని ఎదిరించి బయటికొచ్చినవాళ్ళే, రంగు దగ్గరికి వచ్చేసరికి దొరల్లా సర్దుకున్నారు. తర్వాత ఏడాది న్యూజిలాండ్ మీద ఒకే ఒక్క టెస్టు ఇచ్చారు. రెండు ట్రైలు చేశాడు. ఆ తర్వాత కోచ్ అయ్యి హల్ జట్టుని రెండుసార్లు ఛాంపియన్‌ చేశాడు. 1968లో లీడ్స్‌కి ఛాలెంజ్ కప్ తెచ్చాడు. లీగ్ వాళ్ళు యూనియన్‌తో చేసిన పోరాటం గొప్పది. ఆ పోరాటం వాళ్ళని ఇంకో వెలి చేయకుండా ఆపలేదు. మన ఉద్యమాల్లో ఆడవాళ్ళం, మనలో మనకే కింద ఉన్న కులాలవాళ్ళం ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. నేనైతే ఆగాను.

యూనియన్ చివరికి ఏం చేసింది? 1995 ఆగస్టు చివర్లో, జార్జ్ హోటల్ మీటింగుకి సరిగ్గా వందేళ్ళు నిండే రోజుల్లో, ఇంటర్నేషనల్ బోర్డు పారిస్‌లో కూర్చుని ఇక మీదట డబ్బు తీసుకోవచ్చు అంది. టీవీ హక్కుల కోట్లు వచ్చి వాకిట్లో నిలబడ్డాక 'ప్రేమ'కి అర్థం మారింది. వందేళ్ళు వెలివేసినవాళ్ళకి ఆ రోజున ఎవరూ ఆరు షిల్లింగులు వెనక్కివ్వలేదు.

1988లో బ్రిటన్ రగ్బీ లీగ్ వాళ్ళు తమ చరిత్రలో తొమ్మిది మంది మహా ఆటగాళ్ళని మొదటి జాబితాగా ఎంచుకున్నారు. అందులో ముగ్గురు కార్డిఫ్‌లో పుట్టినవాళ్ళు. జిమ్ సల్లివాన్, గస్ రిస్మన్, బిల్లీ బోస్టన్. బోస్టన్‌ని 2025 జూన్‌లో సర్ అన్నారు. లీగ్ ఆటలో ఆ గౌరవం దక్కిన మొదటి మనిషి. అప్పటికి ఆయనకి తొంభై.

ఇప్పుడు ఈ వారం రాయకుండా ఉండలేని సంగతి.

మా నాయన డప్పు కొట్టేవాడు. నా చిన్నప్పుడు ఒక టౌనులో జానపద ఉత్సవమని ఐదుగురిని పిలిచారు. రెండు రోజులు కూలి మానుకుని వెళ్ళారు. అయిపోయాక నాయన బస్సు చార్జీలూ, పోయిన రెండు రోజుల కూలీ అడిగాడు. "కళని డబ్బుతో కొలుస్తారా పెద్దాయనా" అన్నారు. తలా ఒక శాలువా కప్పారు. ఆ శాలువా చలికి ఆగదు, తుడుచుకుంటే తడి పీల్చదు. చాలా ఏళ్ళు మా ఇంట్లో చెల్లికి ఉయ్యాల కట్టడానికి పనికొచ్చింది. ఈ కథ నేను స్టేజీల మీద ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చప్పట్లూ కొట్టించుకున్నాను.

పోయినేడాది మా కాలేజీ వార్షికోత్సవానికి ఒక డప్పు బృందాన్ని పిలవాలన్నారు. ఉత్తరం రాసే పని తెలుగు మేడమ్‌కి, అంటే నాకు ఇచ్చారు. రాశాను. "మీ అమూల్యమైన కళను మా విద్యార్థుల ముందు ప్రదర్శించవలసిందిగా..." మంచి తెలుగు. రెండు రోజుల తర్వాత ఆ బృందం పెద్దాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, కాగితం అందింది. బాగా రాశావు. కూలి సంగతి ఎక్కడా కనపడలేదు. వెనక పేజీ ఏమన్నా ఉందా తల్లీ?"

వెనక పేజీ లేదు. అమూల్యం అంటే వెల కట్టలేనిది. నేనూ వెల రాయకుండా వదిలేశాను. మా నాయన కూతుర్ని, పీహెచ్‌డీ చేసినదాన్ని, ఆ ఒక్క మాట వెనక నేనూ దాక్కున్నాను. వెళ్ళి అడిగితే బడ్జెట్లో ఆ పద్దు లేదన్నారు. ఫ్లెక్సీలకి ఉంది. ముఖ్య అతిథి బొకేకి ఉంది. ఫ్లెక్సీ ఒకటి తగ్గించమని గొడవపడితే సగం వచ్చింది. మిగతా సగం మా స్టాఫ్ రూంలో నలుగురం వేసుకున్నాం. ఎనిమిది మందికి రోజు కూలి, బస్సు చార్జీలు, భోజనం. ఉత్తరం మళ్ళీ రాశాను. ఈసారి మొదటి పేజీలోనే, మొదటి పేరాలోనే అంకె ఉంది.

కార్డిఫ్‌లో ఉన్న తమ్ముడూ, నువ్వడిగింది ఇదే అనుకుంటా. ఆ ముగ్గురూ వేరే ఊరికి ఎందుకు వెళ్ళారంటే, వాళ్ళు అడిగిన కూలిని సొంత ఊరు తప్పుగా లెక్కగట్టింది కాబట్టి. నువ్వు కూడా ఆ గోడౌన్‌లో గంటకి ఎంత ఇస్తున్నారో కాగితం మీద రాయించుకో. ఓవర్‌టైమ్ వేరేగా రాయించుకో.

మిగతావాళ్ళు ఈ వారం ఎవరినైనా పాటకో, డప్పుకో, మాటకో పిలుస్తుంటే, ఉత్తరంలో అంకె ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

వచ్చే భాగంలో పల్వంకర్ అన్నదమ్ముల గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.